ఫ్రేమ్ ఒక్కటే మారుద్దామా? ముందు స్కేలు తీయండి

సైకిల్ ఫ్రేమ్‌కి పగులొచ్చింది, చక్రాలు, గేర్లు, బ్రేకులు మాత్రం బాగున్నాయి. ఫ్రేమ్ ఒక్కటే కొని పాత సామాను బిగించొచ్చా? బిగించొచ్చు. కానీ రంగు చూసి ఆర్డర్ పెట్టకండి.

నేనైతే ముందు వెనక చక్రం విప్పుతాను. హబ్‌కి రెండు వైపులా ఉన్న లాక్‌నట్ల బయటి అంచుల మధ్య కొలవండి. పాత ఎంటీబీల్లో ఎక్కువగా 135 మిల్లీమీటర్లు, రిమ్ బ్రేకుల రోడ్ బైకుల్లో 130. ఇప్పుడు చాలా ఫ్రేములు 142, అదీ త్రూ యాక్సిల్‌తో. మీ పాత చక్రం అందులో నేరుగా కూర్చోదు. కొత్త చక్రం కొన్నారా, మిగిలిందనుకున్న డబ్బు అక్కడే అయిపోయింది! కొందరు ఫ్రేమ్‌ని లాగి వెడల్పు చేద్దామంటారు. స్టీలుకైతే తెలిసిన మెకానిక్ చేస్తాడు, అల్యూమినియంకి మాత్రం అస్సలు వద్దు.

డిస్క్ బ్రేకులుంటే కాలిపర్ బిగించే చోటు ఫ్రేమ్‌కి ఉండాలి.

ఇక ఫోర్కు. చాలామంది మర్చిపోయేది ఇదే. దాని గొట్టం పాత ఫ్రేమ్ ఎత్తుకి కోసేసి ఉంటుంది. కొత్త ఫ్రేమ్ హెడ్ ట్యూబ్ 2 సెంటీమీటర్లు పొడుగైతే, స్టెమ్ పట్టుకోవడానికి పైన గొట్టం మిగలదు.

సీట్ పోస్ట్‌కి అంత బెంగ లేదు. 27.2 పోస్ట్‌ని 31.6 ఫ్రేమ్‌లో షిమ్ వేసి నిలబెట్టొచ్చు. లావు పోస్ట్ సన్న గొట్టంలో దూరదు, అంతే.