కళ్ళెం ఎక్కడిది?

“వాడి నోటికి కళ్ళెం లేదు,” అని పెద్దలు అనటం మీరు వినే ఉంటారు. కోపానికీ, ధరలకూ కూడా కళ్ళెం వెయ్యాలంటాం. అయితే అసలు కళ్ళెం గుర్రానిది.

గుర్రం నోటిలో అడ్డంగా ఉండే లోహపు కడ్డీయే కళ్ళెం. దాని రెండు కొసలకూ కట్టి, రౌతు చేత పట్టుకునే తోలు పట్టీలు పగ్గాలు. మరి గుర్రం ఆ కడ్డీని కొరికెయ్యదా? కొరకలేదు. దాని ముందుపళ్ళకూ దవడపళ్ళకూ మధ్య కొంతచోటు పళ్ళు లేకుండా, వట్టి చిగుళ్ళే ఉంటాయి. కడ్డీ అక్కడ ఉంటుంది. ఆ చిగుళ్ళు చాలా సున్నితమైనవి. రౌతు వేళ్ళు కాస్త కదిలినా గుర్రానికి తెలిసిపోతుంది. నాలుగైదు వందల కిలోల జంతువు ఒక మనిషి చెప్పినట్టు నడవటంలో కిటుకు ఇదే!

ఇక మాట సంగతి. కళ్ళెం అనేది సంస్కృతంలోని ‘ఖలీనము’ నుంచి వచ్చిందంటారు. ఈ ఖలీనము అమరకోశంలో ఉన్నది. కాని అది కూడా పుట్టు సంస్కృతం కాదు. గ్రీకు భాషలో కళ్ళేన్ని ‘ఖాలినోస్’ అంటారు!

గుర్రాలను మనకు గ్రీకులు తెచ్చిపెట్టలేదు. వేదాలలోనే గుర్రాలూ, రథాలూ ఉన్నాయి. అయితే క్రీ. పూ. 326లో అలెగ్జాండరు జీలం నది ఒడ్డున పురుషోత్తముడితో యుద్ధం చేశాడు. తరవాతి కాలంలో గ్రీకు రాజులు మన వాయవ్య ప్రాంతాలను చాలాకాలం ఏలారు. వారి నాణాలు కొన్నిటి మీద గుర్రపు రౌతు బొమ్మ ఉన్నది. ఇలాటి రాకపోకలలోనే ఆ మాట మన దేశం చేరింది.

క్రీ. పూ. 4వ శతాబ్దంలో జెనొఫన్ అనే గ్రీకు సేనాని గుర్రపుస్వారీ గురించి ఒక గ్రంథం రాశాడు. రౌతు వద్ద గరుకు కళ్ళెం ఒకటి, నున్నటిది ఒకటి ఉండాలన్నాడు. గరుకుదాని రుచి చూసిన గుర్రం, నున్నటిది వెయ్యగానే సంతోషించి, దానితోనే చెప్పినట్టు వింటుందట. నోటిని మరీ బిగలాగవద్దని కూడా ఆయన హెచ్చరించాడు. బిగలాగితే చిగుళ్ళు పుండవుతాయి. గుర్రం ఎదురు తిరుగుతుంది. కళ్ళెం ఉన్నది బాధించటానికి కాదు, మాట తెలపటానికి.

పగ్గం సంస్కృతంలోని ‘ప్రగ్రహము’. జీను పారశీకం నుంచి వచ్చింది. ఈసారి జీను వేసిన గుర్రం కనిపిస్తే పరీక్షగా చూడండి: నోట గ్రీకు, వీపున పారశీకం, రౌతు చేతిలో సంస్కృతం! అన్నీ కలిసి ఇప్పుడు మన తెలుగే.