కంట్రీ వేరు, నేషనాలిటీ వేరు



అత్తాపూర్ మీదుగా పోయే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే శంషాబాద్ విమానాశ్రయానికి దారి. 2008 నుండి మన పల్లెల వారెందరో అక్కడే గల్ఫ్ విమానం ఎక్కుతున్నారు. ఎవరు పోయినా ఊళ్లో ‘దుబాయ్ పోయిండు’ అంటాం. కాని దుబాయ్ దేశం కాదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అనే దేశంలోని 7 ఎమిరేట్లలో ఒకటి. కువైట్, ఖతార్, సౌదీ అరేబియా వేరే దేశాలు. వాటి వీసాలు, చట్టాలు వేరు. అందుకే సంతకం పెట్టే ముందు కాగితంలో ఏ దేశం పేరుందో చదవాలి.

ఫారంలో ‘కంట్రీ’ అంటే దేశం, ‘ఇండియా’ అని రాయాలి. ‘నేషనాలిటీ’ అంటే జాతీయత, ‘ఇండియన్’ అని రాయాలి. ఫిలిప్పీన్స్ వారిని ఫిలిపినోలని, నెదర్లాండ్స్ వారిని డచ్ వారని అంటారు. ‘వేర్ ఆర్ యూ ఫ్రమ్?’ అని అడిగితే ‘ఐ యామ్ ఫ్రమ్ ఇండియా’ అనండి. ‘గో టు అబ్రాడ్’ తప్పు, ‘గో అబ్రాడ్’ ఒప్పు.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. ఊరివాళ్లు ఫారాలు పట్టుకుని మా దగ్గరికే వస్తారు. రేపు మీ దగ్గరికీ వస్తారు. రోజుకొక దేశం పేరు, ఒక వాక్యం నేర్చుకోండి.