క్యాంపిలోబ్యాక్టర్: గొర్రెల బీడు నుంచి వంటింటి సింకు దాకా

2016 ఆగస్టు 5, 6 తేదీల్లో న్యూజిలాండ్ ఉత్తర దీవిలోని హాక్స్ బే ప్రాంతంలో కుండపోతగా వాన కురిసింది. హేవ్‌లాక్ నార్త్ ఊరికి తాగునీళ్ళిచ్చే బ్రూక్‌వేల్ రోడ్డు బోర్లకు దగ్గర్లోనే గొర్రెలు మేసే బీడు ఉంది. వాన నీళ్ళు పెంటికలను కడుక్కుంటూ పక్కనున్న చెరువులోకి దిగాయి. చెరువులోంచి భూగర్భ జలంలోకి, అక్కణ్ణించి బోరులోకి, బోరులోంచి ఇంటింటి కుళాయిలోకి చేరాయి. భూమి లోతుల్లోంచి వచ్చే నీళ్ళు శుద్ధమైనవన్న నమ్మకంతో ఆ ఊళ్ళో క్లోరిన్ కలిపేవారు కాదు. అధికారులు క్లోరిన్ కలిపింది, నీళ్ళు కాచి తాగమని చెప్పింది 12వ తేదీన. అప్పటికే ఊళ్ళో ఇంటింటా జ్వరాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు. 14,000 జనాభాలో దాదాపు 5,500 మంది జబ్బుపడ్డారని మొదట అంచనా వేశారు. తర్వాతి లెక్కలు అంతకన్నా ఎక్కువే చెప్పాయి. నలుగురి మరణాలకు ఈ జబ్బుతో సంబంధం ఉందని తేలింది.

న్యూజిలాండ్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ళకు ఆ ఊరి కథ తెలిసి ఉండాలని నా ఉద్దేశం. దాని మీద జరిగిన విచారణ వల్లనే దేశంలో తాగునీటి చట్టాలు మారాయి, 2021లో తౌమాతా అరోవై అనే ప్రత్యేక నియంత్రణ సంస్థ వచ్చింది. నీళ్ళలో క్లోరిన్ వాసన వస్తోందని విసుక్కునే వాళ్ళని చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ వాసన వెనక హేవ్‌లాక్ నార్త్‌లో మంచం పట్టిన ముసలివాళ్ళున్నారు.

అంతమందిని పడగొట్టిన క్యాంపిలోబ్యాక్టర్ నిజానికి చాలా సుకుమారమైన సూక్ష్మజీవి. మెలితిరిగిన సన్నటి శరీరం, కొసన తోక. క్లోరిన్‌కి చస్తుంది, ఎండబెడితే చస్తుంది, ఉడికిస్తే చస్తుంది. మనం పీల్చే గాలిలో ఉన్నంత ఆక్సిజన్‌ని కూడా తట్టుకోలేదు. 30 డిగ్రీల కన్నా తక్కువ వేడిలో పెరగదు, 42 డిగ్రీల్లో హాయిగా పెరుగుతుంది. కోడి ఒంటి వేడి దాదాపు అంతే. అందుకే కోడి పేగుల్లో అది కోట్ల సంఖ్యలో కాపురముంటుంది. షెడ్డులో ఒక కోడికి వస్తే కొద్ది రోజుల్లోనే మొత్తం గుంపుకి అంటుకుంటుంది, అయినా కోళ్ళకు ఏ జబ్బూ ఉండదు. తిండీ తగ్గదు, బరువూ తగ్గదు. చూసి పట్టుకోవడానికి రైతుకు ఏ గుర్తూ దొరకదు.

గొర్రెల సంగతి వేరు. వాటి పేగుల్లోనూ ఇది మామూలుగానే ఉంటుంది కానీ, ఇందులోనే క్యాంపిలోబ్యాక్టర్ ఫీటస్ అనే జాతి సోకితే చూలు గొర్రెలు నెలలు నిండకుండానే ఈసుకుపోతాయి. ఇక్కడి రైతులు దానికి టీకా వేయిస్తారు. 1906లో బ్రిటన్‌లో మెక్‌ఫాడియన్, స్టాక్‌మన్ అనే పశువైద్యులు ఇలా ఈసుకుపోయిన గొర్రెల్లోనే ఈ సూక్ష్మజీవిని మొదట గుర్తించారు. దాంతో చాలా ఏళ్ళపాటు ఇది పశువుల జబ్బుగానే లెక్కలో ఉండిపోయింది. మనుషుల మలంలో దాన్ని పెంచడం ఎవరికీ చేతకాలేదు, పక్కనున్న ఇతర సూక్ష్మజీవులు వేగంగా పెరిగి దాన్ని కప్పేసేవి. 1972లో బ్రస్సెల్స్‌లో బుట్జ్లర్ బృందం మలాన్ని సన్నటి జల్లెడలో వడగట్టి వేరుచేసింది. 1977లో ఇంగ్లండ్‌లోని వూస్టర్ ఆసుపత్రిలో మార్టిన్ స్కిరో, మిగతా వాటిని అణిచే యాంటీబయాటిక్స్ కలిపిన మాధ్యమంలో దీన్ని పెంచి, మామూలు ల్యాబులన్నీ చేయగలిగే పద్ధతి చూపించారు. అప్పుడు బయటపడింది, విరేచనాలతో డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎంతమందికి కారణం ఇదో.

న్యూజిలాండ్‌లో 2006లో దాదాపు 16,000 కేసులు నమోదయ్యాయి. అప్పట్లో ప్రపంచంలో ఏ దేశంలోనూ అంత రేటు లేదు. పామర్‌స్టన్ నార్త్‌లోని మాసీ విశ్వవిద్యాలయంలో నైజెల్ ఫ్రెంచ్ బృందం రోగుల నుంచి, కోళ్ళ నుంచి, పశువుల నుంచి, నదుల నుంచి తీసిన నమూనాల జన్యువులను పోల్చి చూసింది. వేళ్ళన్నీ కోడి మాంసం వైపే చూపించాయి. ప్రభుత్వం ప్రాసెసింగ్ కంపెనీల మీద పడింది, శుభ్రం చేసిన కోడి మీద ఎంత క్యాంపిలోబ్యాక్టర్ ఉండొచ్చో హద్దులు పెట్టింది. 2008కల్లా కేసులు సగానికి పైగా తగ్గాయి. జనాన్ని జాగ్రత్తగా వండుకోమని ఎన్నేళ్ళు చెప్పినా జరగనిది, ఫ్యాక్టరీ దగ్గర గట్టిగా పట్టుకుంటే రెండేళ్ళలో జరిగింది.

తగ్గింది కానీ పోలేదు. దుకాణంలో కొనే కోడిలో ఇది ఇప్పటికీ ఉంటుంది, కొన్ని వందల కణాలు కడుపులోకి వెళితే చాలు జబ్బు చేయడానికి. ఇక్కడే మన వంటింటి సంగతి ఒకటి చెప్పాలి. చికెన్‌ని రెండు మూడు నీళ్ళు పోసి, పసుపూ ఉప్పూ రుద్ది, కుళాయి కింద కడిగితే గానీ మనకు తృప్తి ఉండదు. ఇండియాలో మన ఊళ్ళో కళ్ళెదుట కోసి, ఈకలూ నెత్తురూ అంటుకున్న ముక్కలు ఇచ్చేచోట ఆ అలవాటుకు అర్థముంది. ఇక్కడ ప్యాకెట్లో వచ్చే ముక్కలకు ఆ అవసరం లేదు. ధార కింద పెట్టిన ముక్క మీంచి చిన్న చిన్న తుంపరలు సింకు గట్టు మీదకీ, ఆరబెట్టిన గిన్నెల మీదకీ, పక్కన తరిగి పెట్టిన కొత్తిమీర మీదకీ చిందుతాయి. కూర ఎలాగూ కుతకుత ఉడుకుతుంది, అందులో ఏదీ బతకదు. ప్రమాదం కొత్తిమీరతోనే. చికెన్ కోసిన పలక మీదే బిర్యానీలోకి ఉల్లిపాయ చక్రాలు, నిమ్మచెక్కలు కోస్తే ఇంకా ప్రమాదం. పసుపు పట్టించాలంటే గిన్నెలోనే పట్టించండి, నీచు నీళ్ళు పేపరు టవలుతో అద్దేయండి, చేతులూ కత్తీ పలకా సబ్బుతో కడగండి. ముక్క తాజాగా ఉందని వాసన చూసి నమ్మొద్దు. ఇది మాంసాన్ని పాడుచేసే రకం కాదు, ఫ్రిజ్‌లో పెరగకపోయినా ప్రాణంతో ఉంటుంది. మన పిక్నిక్‌లలో నిప్పుల మీద కాల్చే కోడి కాళ్ళు పైన నల్లబడినా ఎముక దగ్గర పచ్చిగా ఉండొచ్చు, లోపల 75 డిగ్రీలు చేరాలి.

జబ్బు సాధారణంగా సోకిన రెండు నుంచి ఐదు రోజుల్లో మొదలై, వారంలో దానంతటదే తగ్గిపోతుంది. ఓఆర్ఎస్, నీళ్ళు, విశ్రాంతి చాలు. మలంలో నెత్తురు పడితే, జ్వరం దిగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళి పరీక్షకు మలం ఇవ్వండి. వెయ్యిమందిలో సుమారు ఒకరికి మాత్రం విరేచనాలు వచ్చిన ఒకటి నుంచి మూడు వారాల్లో గులియన్ బారే సిండ్రోమ్ వస్తుంది. ఈ సూక్ష్మజీవి పైపొరలోని చక్కెర అణువులు మన నరాల మీద ఉండే అణువుల్లాగే ఉంటాయి. దాన్ని చంపడానికి తయారైన యాంటీబాడీలు పొరపాటున నరాల మీద పడతాయి. పాదాల్లో తిమ్మిరి, కాళ్ళలో పట్టు తప్పడం, ఆ బలహీనత పైకి పాకడం, కొందరిలో ఊపిరి కండరాలు కూడా ఆగడం. 2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో పుణెలో, ముఖ్యంగా సింహగడ్ రోడ్డు ప్రాంతంలో, రెండు వందల మందికి పైగా ఈ లక్షణాలతో ఆసుపత్రుల పాలైనప్పుడు, కొందరి మలంలో క్యాంపిలోబ్యాక్టర్ జెజునీ అనే జాతి దొరికింది. న్యూజిలాండ్‌లో కోళ్ళ మీద నియంత్రణ వచ్చాక గులియన్ బారేతో ఆసుపత్రుల్లో చేరేవాళ్ళు 13 శాతం తగ్గారు. కాళ్ళు మొద్దుబారి మెట్లెక్కలేకపోతే అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్ళాలి. సకాలంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తే ఎక్కువమంది కోలుకుంటారు.

ఇండియాకి వెళ్ళే పిల్లల గురించి ఒక మాట. అక్కడ పసితనంలోనే ఇది పదే పదే సోకి, పెద్దయ్యేసరికి ఒళ్ళు అలవాటు పడిపోతుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఆ రక్షణ లేదు. తాతగారి ఊళ్ళో అందరితో కలిసి అవే నీళ్ళు తాగినా, వాళ్ళకే విరేచనాలు పట్టుకోవడం అందుకే. నీళ్ళు కాచి ఇవ్వండి, పచ్చిపాలు పట్టొద్దు. చాలామంది సూట్‌కేసులో సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు పెట్టుకుని వెళతారు, అవి దక్షిణాసియాలోని క్యాంపిలోబ్యాక్టర్ మీద ఇప్పుడు పెద్దగా పనిచేయవు. యాంటీబయాటిక్ నిజంగా అవసరమైతే డాక్టర్లు ఇప్పుడు ఎక్కువగా రాసేది అజిత్రోమైసిన్. ప్రయాణానికి ముందే పిల్లల బరువుకు తగిన మోతాదు మీ డాక్టరుని అడిగి రాయించుకోండి.