1,87,000 కిలోమీటర్లు తిరిగిన పాత కారు: మెకానిక్ ఇచ్చిన లిస్టులో ఏది ముందు, ఏది తర్వాత, ఏది అక్కర్లేదు?

సెకండ్ హ్యాండ్ కారు ఎలా కొనాలో చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. కొన్న మర్నాడు ఏం చేయాలో చెప్పేవి తక్కువ. అందుకే ఈ ఎపిసోడ్ ఇప్పటికే కొనేసినవాళ్ళ కోసం.

ఉదాహరణకి ఒక కారు తీసుకుందాం. 2013 స్విఫ్ట్ డిజైర్, డీజిల్. మీటరు 1,87,000 చూపిస్తోంది. ఉండేది గోవాడలో. అనకాపల్లి, విశాఖ తిరగాలి. ఇంట్లో పెద్దవాళ్ళని రాత్రప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి రావచ్చు. అప్పుడప్పుడు మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కాలి. కారు గ్యారేజీలో పెడితే మెకానిక్ లిస్టు రాసిచ్చాడు: ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్, గేర్ ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు, నాలుగు టైర్లు, టైమింగ్ చైన్, క్లచ్ సెట్, సస్పెన్షన్ బుష్‌లు, ఇంజెక్టర్ క్లీనింగ్, ఇంజిన్ ఫ్లష్, ఏసీ సర్వీస్. చేతిలో ఉన్న డబ్బు సగం లిస్టుకే సరిపోతుంది.

ఇక్కడ చాలామంది రెండు రకాలుగా ఆలోచిస్తారు. ఒకరు "పాత కారుకి ఇంత పెట్టడమా" అని ఆయిల్ ఒక్కటీ మార్చి తెచ్చేసుకుంటారు. ఇంకొకరు భయపడి అప్పు చేసి మొత్తం చేయించేస్తారు. రెండింట్లోనూ నష్టం ఉంది.

ఒకే ఒక్క ప్రశ్న

మన గోవాడ వాళ్ళకి షుగర్ ఫ్యాక్టరీ గురించి నేను చెప్పక్కర్లేదు. చెరకు ఫ్యాక్టరీ ఏడాదంతా ఆడదు. క్రషింగ్ అయిపోయాక ఆఫ్ సీజన్‌లో మిల్లు రోలర్లు విప్పుతారు, బేరింగులు చూస్తారు, బాయిలర్ ట్యూబులు శుభ్రం చేస్తారు. ఆడుతున్న మిల్లుని ఎందుకు విప్పడం అని ఎవరూ అడగరు. ఎందుకంటే సీజన్ మధ్యలో మిల్లు ఆగితే పోయేది ఒక్క బేరింగు ఖరీదు కాదు. బయట బళ్ళ మీద చెరకు ఎండిపోతుంది, బరువు తగ్గుతుంది, రసంలో పంచదార పడిపోతుంది. రైతు నష్టపోతాడు.

కారుకీ అదే లెక్క. లిస్టులో ప్రతి ఐటమ్ పక్కన దాని ధర చూసే ముందు ఈ ప్రశ్న వేసుకోండి: "ఇది పాడైతే దీంతోపాటు ఇంకేం పోతుంది?" జవాబు మూడు రకాలుగా వస్తుంది. మనిషి ప్రాణం మీదకి రావచ్చు. ఇంజిన్ పోవచ్చు. లేదా కాస్త ఇబ్బంది పడతాం, అంతే. లిస్టుని ఈ మూడు కుప్పలు చేయండి. డబ్బు ఇదే వరసలో ఖర్చు పెట్టండి.

మొదటి కుప్ప: ప్రాణం మీదకి వచ్చేవి

బ్రేకులు, టైర్లు, స్టీరింగ్. ఇక్కడ బేరం లేదు.

ప్యాడ్లు అరిగాయా లేదా అని అందరూ చూస్తారు. బ్రేక్ ఆయిల్‌ని మాత్రం మర్చిపోతారు. ఈ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. డాట్ 4 అయితే 230, తేమ పట్టాక 155. ఊళ్ళో తిరిగినంతకాలం తేడా తెలీదు. పాడేరు నుంచి దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి వస్తే డిస్కులు కాలిపోతాయి, ఆ వేడికి ఆయిల్ మరిగి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కితే కదలదు కాబట్టి బ్రేకు పడుతుంది. బుడగ మాత్రం నొక్కితే నలిగిపోతుంది. అంటే పెడల్ కిందకి వెళ్ళిపోతుంది, కారు ఆగదు. చివరిసారి ఎప్పుడు మార్చారో తెలీకపోతే ముందు అదే మార్పించండి. తర్వాత రెండేళ్ళకొకసారి చాలు. మీ కారుకి ఏ గ్రేడో ఆయిల్ డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేర్‌లోనే దిగండి, ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది.

టైర్లు. పక్కన డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాడులు బాగున్నా ఐదారేళ్ళు దాటిన టైరుని పగుళ్ళ కోసం జాగ్రత్తగా చూడాలి, రబ్బరుకి వయసుంటుంది. గాడుల మధ్య చిన్న దిమ్మలు కనిపిస్తాయి. టైరు అరిగి ఆ దిమ్మలతో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చినట్టు. చట్టం ప్రకారం కారు టైరుకి అదే ఆఖరు. వానలో ఆ టైరు నీళ్ళ మీద జారుతుంది. నాలుగూ ఒకేసారి మార్చే డబ్బు లేకపోతే ముందు రెండు మార్చండి, మిగతా రెండు వచ్చే నెల. మంచి జత ఎప్పుడూ వెనక్కి వేయించండి. వెనక టైర్లు జారితే బండి తిరిగిపోతుంది, దాన్ని సరిచేయడం కష్టం.

బుష్‌లు, బాల్ జాయింట్లు అన్నీ ఒకటి కాదు. గుంటలో లటలట చప్పుడొచ్చే చిన్న బుష్ ఆగుతుంది. బాల్ జాయింట్‌లో, స్టీరింగ్ రాడ్‌లో లూజు ఉంటే ఆగదు. కారు జాకీ మీద ఎత్తించి చక్రం ఊపి చూపించమని అడగండి. మీ కళ్ళతో చూడండి.

రెండో కుప్ప: ఇంజిన్‌ని తీసుకుపోయేవి

ఈ కుప్పలో ఉన్న గమ్మత్తు ఏంటంటే, వస్తువులు చవక, వాటివల్ల వచ్చే నష్టం ఖరీదు.

ఇంజిన్ ఆయిల్. ఈ డీజిల్ ఇంజిన్‌లో టర్బో ఉంటుంది. దాని ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, అదీ పల్చటి ఆయిల్ పొర మీద. టైమింగ్ చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ కూడా ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. అంటే సుమారు మూడు లీటర్ల ఆయిల్ మీద టర్బో, చైన్, బేరింగులు మూడూ ఆధారపడ్డాయి. పాత ఓనర్ ఎప్పుడు మార్చాడో తెలీదు కాబట్టి ఇప్పుడే ఫిల్టరుతో సహా మార్చండి. తర్వాత 5,000 కిలోమీటర్లకి ఇంకోసారి మార్చండి. లోపల పాత మడ్డి ఉంటే మెల్లగా కడుక్కుపోతుంది. ఆ తర్వాత 10,000 లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. గ్రేడు మాత్రం మ్యాన్యువల్‌లో ఉన్నదే పోయించండి.

డీజిల్ ఫిల్టర్. ఇంజెక్టర్లలోకి డీజిల్ వెయ్యి బార్లకి పైబడిన ఒత్తిడితో వెళ్తుంది. ఆ రంధ్రాలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. నీటి చుక్క, నలుసు రెండూ వాటికి శత్రువులే. ఫిల్టర్ ఖర్చుకీ నాలుగు ఇంజెక్టర్ల ఖర్చుకీ పోలికే లేదు.

ఎయిర్ ఫిల్టర్. చెరకు సీజన్‌లో ట్రాక్టర్ల వెనక ఎంత దుమ్ము తింటామో మనకి తెలుసు, కారూ అంతే తింటుంది. మ్యాన్యువల్ చివర్లో దుమ్ము రోడ్ల మీద, చిన్న చిన్న దూరాలు తిరిగే కార్లకి వేరే పట్టిక ఉంటుంది. మనం చూడాల్సింది అదే.

కూలెంట్. పాత కార్లలో తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్ళు పోసేస్తుంటారు. డబ్బాలో తుప్పు రంగు కనిపిస్తే మొత్తం తీయించి, సరైన కూలెంట్ పోయించి, హోస్ పైపులు నొక్కి చూపించమనండి. ఇంజిన్ ఒక్కసారి వేడెక్కి పొగలు కక్కితే అల్యూమినియం హెడ్ వంగిపోతుంది, గ్యాస్కెట్ పోతుంది. ముల్లు ఎర్ర గీత వైపు వెళ్తే "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకోకండి. అక్కడే ఆపేయండి. వేడి మీద మూత మాత్రం తీయకండి, మరుగుతున్న నీళ్ళు మొహం మీదకి చిమ్ముతాయి.

గేర్ ఆయిల్. దీన్ని అందరూ మర్చిపోతారు. 1,87,000కి ఒక్కసారైనా మార్చి ఉంటారన్న నమ్మకం లేకపోతే మార్చేయండి.

చైనా, బెల్టా?

లిస్టులో పెద్ద ఖర్చు టైమింగ్ చైన్. ఇక్కడ మీ కారులో ఉన్నదేంటో ముందు తెలుసుకోవాలి. డిజైర్, స్విఫ్ట్, రిట్జ్ డీజిల్ కార్లలో ఉన్న 1.3 లీటర్ ఇంజిన్ ఫియట్‌ది, దాన్లో చైన్ ఉంటుంది. చైన్‌ని కిలోమీటర్లు చూసి మార్చరు, లక్షణాలు చూసి మారుస్తారు. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఇంజిన్ పక్కన నిలబడండి. గొలుసు ఊపినట్టు గలగల చప్పుడొచ్చి ఆగకుండా ఉంటే చైన్ సాగింది, వాయిదా వేయకూడదు. నిశ్శబ్దంగా ఉంటే ఈ ఖర్చు ఇప్పుడు అక్కర్లేదు.

బెల్ట్ కారైతే కథ వేరు. పాత ఇన్నోవా 2.5 డీజిల్, లోగాన్, వెరిటో, డస్టర్ డీజిల్, పోలో టీడీఐ, వీటన్నిటిలో రబ్బరు టైమింగ్ బెల్ట్. బెల్ట్ తెగేముందు చప్పుడు చేయదు. తెగిన క్షణం పిస్టన్లు వాల్వులని గుద్దుతాయి, ఇంజిన్ విప్పాల్సిందే. కాబట్టి బెల్ట్ కారు కొని, మార్చినట్టు బిల్లు చూపించలేకపోతే అది మార్చలేదనే లెక్క. నోటిమాట నమ్మకండి. బెల్ట్‌తోపాటు టెన్షనర్, పుల్లీలు కూడా మార్పించండి. వాటర్ పంపు ఆ బెల్టుతోనే తిరిగే ఇంజినైతే అదీ ఇప్పుడే మార్చేయండి, విప్పే కూలీ ఒక్కసారితో పోతుంది.

క్లచ్ కూడా లక్షణం చూసే మార్చాలి. ఎక్కుడు రోడ్డు మీద నాలుగో గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజిన్ గోల పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. వేగం పెరుగుతుంటే దాన్ని వదిలేయండి.

మూడో కుప్ప, చెత్తబుట్ట

ఏసీ చల్లదనం తగ్గడం, చిన్న బుష్ చప్పుళ్ళు, కిటికీ మోటర్లు, సీట్ కవర్లు మూడో కుప్ప. డబ్బు చేతికొచ్చినప్పుడు చేయించుకోవచ్చు.

ఇంజిన్ ఫ్లష్ నేనైతే వద్దంటాను. ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడితే ఆయిల్ పీల్చే జాలీకి అడ్డంపడే ప్రమాదముంది. ఆ డబ్బుతో ఆయిల్ ఇంకోసారి ముందుగా మార్చుకోవడం మేలు. ఇంజెక్టర్ క్లీనింగ్ కూడా నల్ల పొగ, వణుకు, మైలేజీ పడిపోవడం లాంటివి ఉంటేనే. బాగున్నదాన్ని బాగుచేయించకండి.

ఎంత వరకు పెట్టాలి?

చివరి ప్రశ్న. 2013లో రిజిస్టరైన సొంత కారు ఆర్సీ 2028 వరకు ఉంటుంది. పదిహేనేళ్ళు నిండాక తనిఖీలో పాసైతే ఐదేళ్ళకి రెన్యువల్ చేస్తారు. ఎంపరివాహన్ యాప్‌లో మీ బండి నంబరు కొడితే తేదీలు కనిపిస్తాయి. ఇంకా ఎన్నేళ్ళు నడుపుతారో ముందు మీరు నిర్ణయించుకోండి. పెద్ద రిపేరు ఖర్చుని ఆ ఏళ్ళతో భాగించి చూడండి.

పెద్ద డబ్బు పెట్టేముందు ఇంజిన్ ఆరోగ్యం చూడాలి. స్టార్టింగ్‌లో ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుగుప్పున కొడుతోందా? సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోందా? అయితే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా వస్తూ, కూలెంట్ తగ్గిపోతోందా? హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. ఇవి ఉంటే కొత్త క్లచ్, కొత్త టర్బో అని ఆ ఇంజిన్‌కి పెట్టకండి. ముందు కంప్రెషన్ టెస్ట్ చేయించండి.

మొత్తం వరస ఇలా. మొదటి వారం బ్రేకులు, టైర్లు, స్టీరింగ్. అదే వారం ఆయిళ్ళు, ఫిల్టర్లు, కూలెంట్. తర్వాత ఒక నెల నడుపుతూ వినండి, చూడండి. ప్రతి వెయ్యి కిలోమీటర్లకి చదునైన చోట ఆపి డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడండి. చైన్, క్లచ్ సంగతి ఆ నెల చెబుతుంది.

ఇంకొక పని ఫోన్‌తో చేయండి. ఒక నోట్ తెరిచి తేదీ, మీటరు రీడింగ్, ఏం మార్చారు, బిల్లు ఫోటో, నాలుగూ పెట్టుకోండి. పాత ఓనర్ ఆ నోట్ ఇవ్వలేదు కాబట్టే ఇవాళ మనం ఇన్ని మార్చాల్సి వస్తోంది. రేపు మీరు అమ్మేటప్పుడు ఆ నోట్ ఉన్న కారుకీ లేని కారుకీ రేటులో తేడా మీకే తెలుస్తుంది. అంతకంటే ముందు, అర్ధరాత్రి ఇంట్లో పెద్దవాళ్ళని వెనక సీట్లో పడుకోబెట్టి విశాఖ బయల్దేరినప్పుడు, ఈ బండి దారిలో ఆగదు అన్న ధైర్యం ఉంటుంది. మనం ఖర్చు పెట్టేది దానికే.