మంద్రస్వరం – విద్యుత్తు

పాటలో రాగాన్ని చెవి పట్టుకుంటుంది. మంద్రస్వరాన్ని దేహమంతా పట్టుకుంటుంది. మేళంలో డోలు మోగినప్పుడు గుండెకు తగిలే ధ్వని అట్టిదే. ఆధునిక వాద్యబృందాలలో ఈ పని చేసేది బేస్ గిటారు. 1951లో అమెరికాలో లియో ఫెండర్ తయారుచేసిన నమూనాతో ఈ వాద్యం ప్రపంచమంతటా వ్యాపించింది. 1980ల నాటి ఇళయరాజా తెలుగు చిత్రగీతాలను శ్రద్ధగా వింటే, గాయకుని గొంతు కింద మరొక రాగంవలె నడిచే దీని నాదం స్పష్టంగా వినిపిస్తుంది.

విశాఖపట్నం వంటి రేవు పట్టణంలో, ఉక్కునగరంలో, కళాశాలల వసతిగృహాలలో తీరిక వేళ ఈ వాద్యం నేర్చుకొనే ఔత్సాహికులకు ఎదురయ్యే చిక్కులు మూడు. ఏ వాద్యం కొనాలి? కొన్నదానిని ఎట్లు బాగుచేసుకోవాలి? దానికి విద్యుత్తు ఎట్లు ఇవ్వాలి? మూడింటికీ జవాబులు ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రంలోనే ఉన్నవి. మూడవ ప్రశ్నలో పొరపాటు జరిగితే మాత్రం నష్టం డబ్బుతో ఆగదు. ప్రాణం మీదికి వస్తుంది.

తీగ: నిడివి, బరువు, బిగువు

బేస్ గిటారుకు సాధారణంగా నాలుగు తీగలు. వాటిని మెట్లపై నొక్కకుండా మీటితే సెకనుకు వరుసగా 41.2, 55, 73.4, 98 కంపనాలు పుడతాయి. మామూలు గిటారులో అతి లావైన తీగ కంపనాలు 82.4. అనగా బేస్ గిటారు మొదటి తీగ దానికి సరిగా ఒక స్థాయి కిందిది.

తీగ నిడివి పెరిగితే కంపనాలు తగ్గుతాయి. బిగువు పెరిగితే హెచ్చుతాయి. బరువు పెరిగితే మళ్లీ తగ్గుతాయి. ఒక తీగకు కావలసిన బిగువు, దాని నిడివిని కంపనాల సంఖ్యతో గుణించగా వచ్చే లబ్ధం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. మామూలు గిటారు తీగ నిడివి 25.5 అంగుళాలు, బేస్ గిటారుది 34 అంగుళాలు అనుకుందాం. గిటారు తీగనే తెచ్చి బేస్ గిటారుకు కట్టి కంపనాలను సగం చేస్తే, నిడివి 4/3 రెట్లు, కంపనాలు 1/2 వంతు, లబ్ధం 2/3, దాని వర్గం 4/9. బిగువు సగంకంటె తక్కువకు పడిపోయి తీగ వేలాడుతుంది. అందుచేత తీగ బరువును పెంచక తప్పదు. సన్నని ఉక్కు తీగచుట్టూ మరొక లోహపు తీగను చుట్టేది ఇందుకే. ఒంటి తీగనే అంత లావుగా చేస్తే అది కడ్డీవలె బిర్రుగా ఉండి, అనుస్వరాలు శ్రుతి తప్పుతాయి.

లావైన తీగ మీటరుకు దాదాపు 32 గ్రాములు తూగుతుంది. దాని బిగువు సుమారు 16 కిలోల బరువు వేలాడదీసినంత. నాలుగు తీగలూ కలిసి దండిని 70, 80 కిలోల బలంతో వంచజూస్తాయి. ఈ లాగుడుకు ఎదురుబలం ఇవ్వడానికే దండి లోపల ఒక ఉక్కు కడ్డీని అమర్చుతారు.

కనుక పాత వాద్యం కొనేటప్పుడు మొదట చూడవలసినది రంగు కాదు, దండి. ఒక తీగను మొదటి మెట్టు వద్ద, చివరి మెట్టు వద్ద నొక్కిపట్టి, నడుమ తీగకు, మెట్టుకు మధ్య సందు చూడాలి. వెంట్రుకవాసి సందు ఉంటే మంచిది. నాణెం దూరేంత ఉంటే దండి ముందుకు వంగినది. అసలే లేకపోతే వెనుకకు వాలినది. కడ్డీని తిప్పి దీనిని సరిచేయవచ్చు. ఒకసారికి పావు చుట్టుకంటె ఎక్కువ తిప్పరాదు. దండి తాడువలె మెలిపడి ఉంటే ఆ వాద్యాన్ని విడిచిపెట్టడమే మేలు.

చిన్న చేతులవారికి 30 అంగుళాల నిడివిగల వాద్యం అనువు. అదే తీగకు బిగువు 22 శాతం తగ్గుతుంది. వేళ్లకు శ్రమ తగ్గుతుంది.

తీగ కదిలితే విద్యుత్తు పుట్టుట

వీణ నాదం కుండలో, కాయలో పెరుగుతుంది. బేస్ గిటారు మొండెం గట్టి కొయ్య. దానికి గుల్ల లేదు. తీగల కింద అయస్కాంతాలు, వాటిచుట్టూ వేలకొలది చుట్లుగా వెంట్రుకవంటి రాగితీగ ఉంటాయి. దీనిని పికప్ అంటారు. అయస్కాంతం పైనున్న ఉక్కుతీగకు అయస్కాంతత్వాన్ని ఇస్తుంది. తీగ కంపించినప్పుడు చుట్టలోని అయస్కాంత అభివాహం మారుతుంది. చుట్టలో విద్యుత్తు ప్రేరితమవుతుంది. మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న సూత్రమే ఇది. నైలాను తీగలు కడితే ఈ వాద్యం మూగపోవడానికి కారణం కూడా ఇదే.

పుట్టే వోల్టేజి చాలా స్వల్పం, వోల్టులో కొన్ని పదవ వంతులు మాత్రమే. అందుచేత ఇంటిలోని విద్యుత్తీగల ప్రభావం దానిలో సులభంగా కలుస్తుంది. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. ఈ 50 బేస్ గిటారులోని 41కి, 55కు నడుమ పడుతుంది. విద్యుత్తును ఏకముఖం చేసే భాగాలలో పుట్టే రొద సెకనుకు 100 కంపనాలు. అది 98 కంపనాల తీగకు మరీ దగ్గర. ఆ తీగను మీటి రొదతో కలిపి వింటే సెకనుకు రెండుసార్లు ధ్వని పెరిగి తరిగే విస్పందనాలు వినవచ్చు. తరగతిలో విస్పందనాల పాఠానికి ఇంతకంటె మంచి ప్రయోగం అరుదు. వాద్యకారునికి మాత్రం ఇది తలనొప్పి.

మార్పులు: ఏది ముందు, ఏది తరువాత

ఔత్సాహికులు తొలుతనే పికప్ మార్చబోతారు. చవకైన పనులు ముందు చేయడం శాస్త్రీయం.

మొదటిది కొత్త తీగలు. విశాఖ గాలిలో సముద్రపు ఉప్పు ఉన్నది; వేళ్ల చెమటలోను ఉప్పు ఉన్నది. తేమలో కరిగిన ఉప్పు ఉక్కు తుప్పును త్వరపెడుతుంది. చుట్ల నడుమ మురికి చేరిన తీగ బరువు అంతటా ఒకే తీరుగా ఉండదు. శ్రుతి నిలువదు, ధ్వని మసకబారుతుంది. వాయించిన వెంటనే పొడిబట్టతో తుడవాలి. స్టెయిన్‌లెస్ ఉక్కు తీగలు తుప్పును బాగా తట్టుకుంటాయి గాని మెట్లను కాస్త త్వరగా అరగదీస్తాయి.

రెండవది గుర్రాన్ని సరిచేయుట. పన్నెండవ మెట్టు తీగను సగం చేస్తుంది గనుక అక్కడ నొక్కితే సరిగా పై స్థాయి స్వరం రావాలి. హెచ్చుగా పలికితే గుర్రాన్ని వెనుకకు, తగ్గుగా పలికితే ముందుకు జరపాలి.

మూడవది రొదను అరికట్టుట. పికప్, నియంత్రణలు ఉండే గుంటల లోపల రాగిరేకు అతికించి, దానిని వాద్యపు ఎర్తు తీగకు టంకం వేస్తే విద్యుత్ క్షేత్రంవల్ల కలిగే రొద చాలావరకు తగ్గుతుంది. అయస్కాంత క్షేత్రంవల్ల కలిగే రొదకు రాగిరేకు అడ్డుపడదు. దానికి రెండు చుట్టల పికప్ కావాలి. ఒక చుట్ట అయస్కాంతం, చుట్టిన దిశ రెండూ రెండవదానికి వ్యతిరేకంగా ఉంటాయి. తీగ సంకేతాలు కలుస్తాయి. బయటి రొద రెండింటిలో ఎదురెదురుగా పుట్టి రద్దవుతుంది.

ఇవన్నీ అయిన తరువాతనే నాదం నచ్చకపోతే పికప్ మార్పు ఆలోచించవచ్చు.

వాట్లు, చెవి

ఏంప్లిఫయరు కొనేటప్పుడు వాట్ల సంఖ్య మోసపుచ్చుతుంది. 50 వాట్లకు బదులు 100 వాట్లది తెస్తే ధ్వని రెట్టింపు కాదు. 3 డెసిబెల్లు మాత్రమే పెరుగుతుంది. చెవికి రెట్టింపుగా తోచాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి.

మంద్రస్వరానికి మరొక ఖర్చు ఉన్నది. ఒకే తీవ్రతకు కంపనాల సంఖ్య సగమైతే లౌడ్‌స్పీకరు పొర నాలుగింతల దూరం కదలాలి. మామూలు గిటారు స్పీకరు ఈ కదలికకు తాళలేక చిరిగిపోవచ్చు. బేస్ గిటారుకు దానికై చేసిన స్పీకరే వాడాలి. ఇంటిలో సాధనకు 25, 30 వాట్లు చాలు. డ్రమ్ములతో వేదిక ఎక్కేవారికి 200 వాట్లు, ఆపైన అవసరం కావచ్చు.

స్పీకరుపై రాసిన ఓములనూ చూడాలి. 8 ఓముల పెట్టెలు రెండు సమాంతరంగా కలిపితే 4 ఓములు. ఏంప్లిఫయరుకు కనిష్ఠం 4 ఓములని రాసి ఉండగా, 4 ఓముల పెట్టెలు రెండు తగిలిస్తే నిరోధం 2 ఓములకు దిగి, ప్రవాహం మితిమీరి, యంత్రం కాలిపోగలదు.

సముద్రం దాటి వచ్చిన సామాను

అమెరికాలోని బంధువులు తెచ్చే సామాను మన ఇళ్లలో తరచు కనబడుతుంది. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, 60 ఆవర్తనాలు. మనది 230 వోల్టులు, 50 ఆవర్తనాలు. వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక, అక్కడి నిరోధాన్ని ఇక్కడ తగిలిస్తే సుమారు 3.7 రెట్లు వేడెక్కుతుంది. యంత్రం వెనుక 100 నుంచి 240 వోల్టులు, 50/60 అని రాసి ఉంటే భయం లేదు. లేకపోతే వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కావాలి. అయితే ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను మార్చుతుందే గాని ఆవర్తనాలను మార్చదు. 60 ఆవర్తనాలకై చేసిన ఇనుప గుండులో 50 వద్ద అయస్కాంత అభివాహం 1.2 రెట్లవుతుంది, అది మామూలుకంటె వేడెక్కుతుంది. 50 ఆవర్తనాలకు పనికివస్తుందని తయారీదారు రాయని యంత్రాన్ని గంటలకొద్దీ నడపరాదు.

పెడళ్లు అనే చిన్న పెట్టెలకు సాధారణంగా 9 వోల్టులు చాలు. వీటిలో అధికభాగానికి ప్లగ్గు నడిమి మొన రుణధ్రువం. ఇంటిలో రూటరుకు వచ్చిన ఎడాప్టరు తరచు 12 వోల్టులది, నడిమి మొన ధనధ్రువం. ప్లగ్గు పట్టినంత మాత్రాన తగిలించరాదు. వోల్టులు, ధ్రువాలు సరిపోవాలి. ఎడాప్టరు ఇవ్వగల ప్రవాహం మాత్రం అవసరానికి మించినా హాని లేదు. 10, 30, 100 మిల్లీ ఆంపియర్లు వాడే మూడు పెడళ్లకు మొత్తం 140 కావాలి. 500 మిల్లీ ఆంపియర్ల ఎడాప్టరు నిక్షేపంగా సరిపోతుంది.

కొన్ని వాద్యాలలో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. తీగప్లగ్గు దూర్చి ఉన్నంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది. 500 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ నుంచి 1 మిల్లీ ఆంపియరు పోతే 500 గంటలు, అనగా దాదాపు మూడు వారాలు వస్తుంది. వాయించడం అయిన వెంటనే ప్లగ్గు తీయడం మంచి అలవాటు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు అనేక ప్రాంతాలలో రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్వర్టరుపై వాయించదలచినవారు ముందు లెక్క చూసుకోవాలి. 12 వోల్టుల, 150 ఆంపియర్ గంటల బ్యాటరీలో 1800 వాట్ గంటల శక్తి ఉంటుంది. బ్యాటరీ మన్నికకై సగమే వాడి, ఇన్వర్టరులో అయిదో వంతు పోతుందనుకుంటే మిగిలేది 720. 100 వాట్లు తీసుకొనే యంత్రం ఏడు గంటలు నడుస్తుంది. చదరపు తరంగం ఇచ్చే చవక ఇన్వర్టరులో 150, 250, 350 కంపనాల అనుస్వరాలుంటాయి గనుక జుమ్మనే రొద వినిపిస్తుంది. సైన్ తరంగం ఇచ్చేదే తగినది.

మూడవ మొన

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది. బేస్ గిటారు తీగలు, గుర్రం, ఏంప్లిఫయరు ఇనుపపెట్టె ఒకే ఎర్తు తీగకు కలిసి ఉంటాయి. అనగా వాయించేవాని చేతులు ఎల్లప్పుడూ ఆ పెట్టెను తాకి ఉన్నట్లే. పెట్టెకు లోపల కరెంటు తగిలితే, మూడుమొనల ప్లగ్గులోని లావు మొన దానిని భూమికి చేర్చి ఫ్యూజును తెగగొడుతుంది. ఆ మొన లేకపోతే, వాద్యకారుడు మైకునో తడి నేలనో తాకిన క్షణాన అతని దేహమే దారి అవుతుంది. చెమట చేతులతో దేహ నిరోధం 1000 ఓములకు దిగితే 230 వోల్టులవల్ల 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. గుండె లయ తప్పడానికి అందులో కొంత భాగమే చాలును. 1972 మే 3న వేల్సులోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారు వాద్యకారుడు ఎర్తు సరిగా లేని మైకును తాకి వేదికపైనే మరణించాడు.

రొద తగ్గుతుందని కొందరు ఎర్తు మొనను విరగ్గొడతారు. రెండు మొనల ఎడాప్టరు వాడతారు. ఇది ఎన్నటికీ చేయరాదు. రెండు వేర్వేరు ప్లగ్గుల ఎర్తుల నడుమ వలయం ఏర్పడి రొద వస్తే, సామాను అంతటినీ ఒకే ప్లగ్గుపలక నుంచి నడిపితే తగ్గుతుంది. వోల్టేజి తగ్గించే చవక పెట్టెలలో కొన్నిటికి ఎర్తు దారే ఉండదు. కొనేముందు ఎలక్ట్రీషియనుచేత పరీక్ష చేయించాలి. వాల్వు ఏంప్లిఫయరులోని కెపాసిటర్లు స్విచ్చి తీసిన తరువాత కూడా కొన్ని వందల వోల్టులను నిలుపుకొని ఉండగలవు. వాటిని నేర్పరి కాక ఇతరులు విప్పరాదు.

ఇట్లు చూడగా ఔత్సాహికుని డబ్బుకు ఒక వరుస ఏర్పడుతుంది. ముందు సాధన గదిలో మంచి ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే తెగిపడే రక్షణ స్విచ్చి. తరువాత తిన్నని దండిగల వాద్యం, కొత్త తీగలు. ఆ తరువాత తగిన స్పీకరు. చివరకు పికప్పులు, పెడళ్లు. పాఠశాలలో వార్షికోత్సవానికి వేదిక కట్టించే ఉపాధ్యాయులు కూడా, విద్యార్థులకు మైకు అందించే ముందు ఆ ప్లగ్గులకు మూడవ మొన ఉన్నదో లేదో, దాని వెనుక నిజంగా భూమికి దారి ఉన్నదో లేదో పరీక్షింపజేయడం అవసరం.