పొత్తు కుదరని యంత్రాలు

బోరు దగ్గర సిమ్ కార్డు వేసిన స్టార్టరు పెట్టెలు మన పల్లెలకు కొత్త కాదు. ఇంటి నుంచి ఫోన్ కొడితే మోటారు తిరుగుతుంది. రాత్రి కరెంటు కోసం చీకట్లో పురుగూ పుట్రా తొక్కుకుంటూ పోయే బాధ తప్పింది. మంచిదే. యంత్రం మీద మాకేం పగ లేదు.

వీటికి తోడు ఇప్పుడు నేలలో తేమ చెప్పే కడ్డీలు, వాన కొలిచే పరికరాలు, డ్రిప్పు వాల్వులు తిప్పే పెట్టెలు అమ్ముతున్నారు. వస్తువులన్నిటినీ ఇంటర్నెట్‌తో కలపడమట! కలిసేదెక్కడ? ఒక కంపెనీ కడ్డీ నేల తడిసిందంటుంది. మరో కంపెనీ స్టార్టరుకు ఆ మాట చేరదు, మోటారు పోస్తూనే ఉంటుంది. దేని యాప్ దానిది, దేని చందా దానిది. ఆఖరికి మోటారు కట్టేయాల్సింది మనిషే.

ఇది చేతకాక జరుగుతున్నది కాదు. ట్రాక్టరు ఒక కంపెనీది, వెనక తగిలించే పరికరం ఇంకొకరిది అయినా ఒకే ప్లగ్గుతో నడిచేందుకు ఐఎస్ఓ 11783 అనే అంతర్జాతీయ ప్రమాణం ఎప్పుడో వచ్చింది. దాన్ని ఐసోబస్ అంటారు. అయితే పరికరం నడవడం వేరు, చెడితే బాగుచేసుకోవడం వేరు. ఆ తాళం కంపెనీ గుప్పిట్లోనే ఉంటోంది.

అమెరికాలో జరిగింది చూడండి. జాన్ డీర్ కంపెనీ పూర్తి స్థాయి మరమ్మతు సాఫ్ట్‌వేరును తన డీలర్లకే ఇస్తోందని 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెక్కింది. కంపెనీ ఆ ఆరోపణను కాదంది. అంతకుముందే, 2023లో, కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కుకు చట్టం చేసింది. 2024 జనవరి 1 నుంచి అమలైంది. అది కూడా రైతులు ఏళ్ల తరబడి కొట్లాడితేనే. వందల ఎకరాల ఆసామికే ఇంత పెనుగులాటైతే రెండెకరాల కౌలుదారు మాటేమిటి?

మన దగ్గర 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలనూ అందులో చేర్చింది. అదే డిసెంబరులో పోర్టల్ తెరిచారు. పోర్టల్ చూసి మోటారు బాగుపడదు కదా!

దెబ్బ ఆసామితో ఆగదు. కోత మిషను నిలిచిపోతే డ్రైవరుకు, బస్తాలెత్తే కూలీలకు ఆ పూట కూలి లేదు. మండలంలో మోటార్లు వైండింగు చేసే కుర్రాడికి పెట్టె విప్పే దారే లేకుండా చేస్తే అతని పనీ పోతుంది.

కాబట్టి సబ్సిడీ పరికరాలు పంచే చోట రైతు, కూలి సంఘాలు ముందే అడగాలి: ఇది వేరే కంపెనీ వాటితో కలుస్తుందా, ఊళ్లో ఎవరైనా బాగుచేయొచ్చా, మా పొలం లెక్కలు ఎవరి దగ్గరుంటాయి? జవాబు నోటిమాటగా కాదు, కాగితం మీద రాయించుకోవాలి.