పసికందుకు స్నానం

ఇంట బిడ్డ పుట్టిందనగానే పెద్దవారి నోట వచ్చే మొదటి మాట “వేణ్ణీళ్ళు కాచండి” అన్నదే. ఆ తొందరలో ఉన్నది ప్రేమే. కాని అప్పుడే భూమిమీద పడిన శిశువుకు తక్షణం కావలసినది స్నానం కాదు, వెచ్చదనం.

తల్లి గర్భంలో దాదాపు 37 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో పెరిగిన బిడ్డ తడి ఒంటితో బయటికి వస్తుంది. ఆ తడి ఆరుతూ ఒంటిలోని వేడిని హరిస్తుంది. మనకు చలివేస్తే వణికి వేడి పుట్టించుకుంటాము. పసికందుకు ఆ శక్తి చాలదు. అందుచేతనే పుట్టిన 24 గంటల తరువాతనే తొలి స్నానం చేయించవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఒంటిపై కనిపించే తెల్లని జిగురు మురికి కాదు. చర్మాన్ని కాపాడే సహజమైన పూత. రెండున్నర కిలోలకన్న తక్కువ తూగే బిడ్డకు వైద్యులు చెప్పేవరకు స్నానం ఆపవలెను.

బొడ్డు ఊడేవరకు, అనగా సాధారణంగా ఒకటి రెండు వారాలపాటు, గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన మెత్తని గుడ్డతో ఒళ్ళు తుడిస్తే చాలును. బొడ్డును పొడిగా ఉంచవలెను. దానిపై పసుపు, నూనె, బూడిద పూయరాదు.

స్నానానికి ముందు గాలి వీచకుండ తలుపులు మూసి, తువాలు, బట్టలు చేతికందేలా ఉంచుకోవాలి. తొట్టిలో ముందు చన్నీళ్ళు పోసి, తరువాత వేణ్ణీళ్ళు కలపాలి. మోచేయి ముంచి చూస్తే వేడి గాని చలువ గాని తోచరాదు. రెండు మూడు అంగుళాల లోతు చాలు. ఒక చేయి ఎల్లప్పుడు తల, మెడల క్రింద ఉండాలి. ఎవరు పిలిచినా బిడ్డను నీటిలో విడిచి క్షణమైనా కదలరాదు. అయిదు నిమిషాలలో ముగించి, వెంటనే తల, ఒళ్ళు ఒత్తి తుడిచి, తల్లి ఒడికి చేర్చాలి.

చాచిన కాళ్ళపై బిడ్డను పడుకోబెట్టి నీళ్ళు పోసే మన పెద్దల చేతి నేర్పు అపురూపమైనది. ఆ చేతులనే నమ్ముదాము. అయితే ముక్కులో, చెవిలో నూనె వేయడం, ముక్కులో ఊదడం, చనుమొనలు పిండడం, సాంబ్రాణి పొగ పట్టడం మాత్రం మానుకోమని వేడుకొందాము. నూనె ఊపిరితిత్తులలోనికి జారితే న్యుమోనియా రావచ్చును; పొగ లేత శ్వాసకు చేటు.

అమ్మమ్మకైనా, దాదీమాకైనా ఈ నాలుగు మాటలు వినయంగా చెప్పి ఒప్పించగలిగిన నాడు, మనం కళాశాలలో నేర్చిన చదువు ఇంటి గడప లోపల అడుగు పెట్టినట్లే.